హిజ్లీ తూటాలు, చటాన్‌పల్లి పూలు

2019 డిసెంబరు 6, శుక్రవారం పొద్దున్న. మలంచా రోడ్డులో మేం రోజూ చేరే టీకొట్టు బల్లమీద సందేశ్ మిఠాయి పొట్లం విప్పి ఉంది. ఎవరింట్లోనూ పెళ్ళి కుదరలేదు, ఎవరి పిల్లాడికీ రైల్వేలో ఉద్యోగం రాలేదు. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ తెల్లవారుజామున పోలీసు కాల్పుల్లో చనిపోయారని తెలుగు ఛానెళ్ళు చెబుతున్నాయి. మేం ఖరగ్‌పూర్‌లో ఉంటాం గాని మా ఇళ్ళల్లో టీవీ హైదరాబాదులోనే ఉంటుంది. వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన పెద్దాయన ఒకరు, మూడు తరాలైనా శ్రీకాకుళం యాస వదలని మనిషి, "మనోలు సేసి సూపించినారు బాబూ, ఇంక కోర్టులేటి, వాయిదాలేటి" అంటూ నా చేతిలో ఒక ముక్క పెట్టాడు. మీ పోలీసులు గట్టివాళ్ళోయ్ అని టీకొట్టు దాదా కూడా బెంగాలీలో మెచ్చుకున్నాడు. నేను తిన్నాను. దాచడం దేనికి, ఆ పూట నాకూ బాగానే అనిపించింది.

ఆ కొట్టు నుంచి సైకిలు తొక్కుకుంటూ పోతే ఐఐటీ వస్తుంది. లోపల ఇప్పుడు నెహ్రూ సైన్స్ మ్యూజియం ఉన్న పాత భవనం ఒకప్పటి హిజ్లీ డిటెన్షన్ క్యాంపు. విచారణ లేకుండా అనుమానంమీద పట్టుకొచ్చిన బెంగాలీ యువకులను 1930 నుంచి అందులో ఉంచేవారు. 1951లో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది ఆ గోడల మధ్యే. మా ఊరి బడిపిల్లలు వరసకట్టి వెళ్ళి అక్కడి యంత్రాలు చూసొస్తారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి ఆ భవనం మీదికే సిపాయిలు తుపాకులు పేల్చారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు డిటెన్యూలు చనిపోయారు, ఇంకా చాలామంది గాయపడ్డారు.

ఈ రెండు కాల్పులనూ పక్కపక్కన పెట్టి చూడాలన్న బుద్ధి నాకు 2022 మే నెలలో పుట్టింది. చటాన్‌పల్లి మీద జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఇచ్చిన నివేదికను సుప్రీంకోర్టు బయటపెట్టిన రోజులవి. తులనాత్మక విమర్శ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది రెండు కావ్యాలు, ఇద్దరు కవులు. ఇక్కడ నేను పక్కపక్కన పెడుతున్నవి పోలీసులు చెప్పిన రెండు కథలు. కథ అన్నానని తేలిక చేసినట్టు కాదు. కథకు వస్తువుంటుంది, పాత్రలుంటాయి, కూర్పు ఉంటుంది, నమ్మే పాఠకుడో నమ్మని పాఠకుడో ఉంటాడు. ఈ రెండింటికీ ఆ నాలుగూ ఉన్నాయి. పైగా ఒక్కోదానికి ప్రభుత్వమో న్యాయస్థానమో నియమించిన విమర్శకులు కూడా ఉన్నారు.

వస్తువు దగ్గర మొదలుపెడదాం. హిజ్లీలో చెప్పింది ఇదీ: డిటెన్యూలు కాపలావాళ్ళమీద దాడికి దిగారు, సిపాయిలు తప్పనిసరై కాల్చారు. చటాన్‌పల్లిలో చెప్పింది ఇదీ: హతురాలి ఫోనూ వాచీ దాచిన చోటు చూపిస్తామన్న నిందితులను వేకువనే తీసుకెళ్ళాం, వాళ్ళు కళ్ళల్లో మట్టి కొట్టారు, రాళ్ళూ కర్రలతో దాడి చేశారు, ఇద్దరు రెండు పిస్టళ్ళు లాక్కుని కాల్చారు, లొంగిపొమ్మన్నా వినలేదు, ఆత్మరక్షణ కోసం కాల్చాం. ఎనభై ఎనిమిదేళ్ళ తేడా, ఇంగ్లీషు ప్రభుత్వం పోయి మన ప్రభుత్వం వచ్చింది, మస్కెట్ పోయి పిస్టల్ వచ్చింది. కథలో దాడి చేసేది మాత్రం ఎప్పుడూ చేతిలో ఏమీ లేనివాడే. కాపాడుకోవలసిన అవసరం ఎప్పుడూ తుపాకీ ఉన్నవాడిదే.

రెండోది, వేళ. ఒకటి రాత్రి, ఒకటి ఇంకా తెల్లవారని పొద్దు. మూడోది, రెండు చోట్లా చనిపోయినవాళ్ళు ప్రభుత్వం అధీనంలో ఉన్నవాళ్ళు. కస్టడీ అనే మాట పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగి తిరిగి తెలుగులో భయపెట్టే మాట అయిపోయింది గాని, దాని అసలు అర్థం అప్పగింత. పక్కింటివాళ్ళు ఊరికి వెళ్తూ నగలమూట మన చేతిలో పెడితే మన బీరువా కన్నా ముందు దాన్ని చూసుకుంటాం. మనిషిని అప్పగించుకున్న ప్రభుత్వం, ఆ మనిషి శవమై తేలాక, వాడే నామీద పడ్డాడు అంటే ఆ మాట రుజువు చేసుకోవలసిన బరువు ఎవరిది? ఆత్మరక్షణ అని చెప్పేవాడే కోర్టులో రుజువు చేసుకోవాలని, ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ ఎఫ్ఐఆర్ కట్టి దర్యాప్తు చేయాలని 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. హక్కుల న్యాయవాది కె. బాలగోపాల్ వంటివాళ్ళు ఏళ్ళ తరబడి వాదించి తెచ్చిన తీర్పు. నెల తిరగ్గానే దానిమీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ అక్టోబరులో బాలగోపాల్ పోయారు. ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని, సంబంధంలేని అధికారులు దర్యాప్తు చేయాలని 2014లో సుప్రీంకోర్టే మహారాష్ట్ర కేసులో పదహారు సూచనలు రాసింది. 2019 నాటికి ఈ సూచనలు అమల్లో ఉన్నాయి. ఉండి ఏం చేశాయో చూశాం.

పోలికలు అంతవరకే. తేడాలు తీస్తేనే విమర్శ నడుస్తుంది.

హిజ్లీ కథకు ఒక పెద్ద లోటు ఉంది. దాన్ని కాదనడానికి సాక్షులు బతికే ఉన్నారు. భవనం నిండా డిటెన్యూలు, అందరూ చదువుకున్నవాళ్ళు, కలం పట్టినవాళ్ళు. ఎక్కడ నిలబడి ఉండగా తూటా వచ్చిందో, ఎవరు ఏ మెట్టుమీద పడ్డారో చెప్పగలిగినవాళ్ళు. చటాన్‌పల్లి కథకు ఆ లోటు లేదు. అక్కడ ఉన్నది ముఖ్యంగా పోలీసులూ చనిపోయిన నలుగురూ. ఎవరూ అడ్డు చెప్పలేని కథ అది. అయితే పాఠకుడు అడ్డు చెప్పకపోతే కథకుడికి పనితనం తగ్గుతుందంటారు, అదీ ఇక్కడ కనిపిస్తుంది. తుపాకీ పట్టడం ఎన్నడూ తెలియని లారీ కుర్రాళ్ళు శిక్షణ పొందిన పోలీసు నడుమునుంచి పిస్టల్ లాగి, తాళం తీసి, కాలుస్తారని రాసినవాడు తన పాఠకుణ్ణి ఎంత తక్కువ అంచనా వేశాడు! లేదూ, ఎంత సరిగ్గా అంచనా వేశాడు అనాలేమో. మేం సందేశ్ తిన్నాం కదా.

ఇక విమర్శకులు. హిజ్లీ మీద బెంగాల్ ప్రభుత్వం వేసిన కమిటీలో ఇద్దరే, ఎస్.సి. మల్లిక్, జె.జి. డ్రమండ్. ప్రభుత్వం తన మనుషులనే తన మనుషులమీద విచారణకు వేసింది. పైపూత పూసి పంపుతారని ఎవరైనా అనుకుంటారు. వాళ్ళు కొన్ని వారాల్లో తేల్చింది ఏమిటంటే, భవనం మీదికి విచ్చలవిడిగా కాల్చడానికి ఎలాంటి సమర్థనా లేదు. కాల్చిన తూటాలు ఇరవైతొమ్మిది దాకా ఉన్నాయి. సిపాయిలు భవనం లోపలికి వెళ్ళి బాయినెట్లతో పొడవడానికి కూడా ఏ సమర్థనా లేదు. ఆ ఇరవైతొమ్మిది అనే అంకె నాకు ఇష్టం. ఆవేశం లేదు, విశేషణం లేదు, ఎవరో లెక్కపెట్టారు. ఆత్మరక్షణ చేసుకునేవాడు ఎదుటివాడు వెనక్కి తగ్గగానే ఆపుతాడు. ఇరవైతొమ్మిది అంటే ఎదురుగా ఎవరూ రావడం లేదని తెలిసీ పేలుస్తున్నారన్న మాట. నివేదిక ఆ మాట అనలేదు. అంకె అంది.

సిర్పూర్కర్ కమిషన్ వేరే తీరు. సుప్రీంకోర్టు 2019 డిసెంబరు 12న వేసింది, ఆరు నెలల్లో ఇమ్మంది. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి రేఖా సొందూర్ బల్దోటా, సీబీఐ మాజీ డైరెక్టర్ డి.ఆర్. కార్తికేయన్ సభ్యులు. మధ్యలో కోవిడ్, గడువు మీద గడువు. 2022 జనవరి 28న నివేదిక అందింది. హిజ్లీ కమిటీకి బతికున్న సాక్షులున్నారు గనుక నాలుగు ముక్కల్లో చెప్పగలిగింది. ఈ కమిషన్‌కు కాల్పులు చూసిన సాక్షులంటే దాదాపు పోలీసులే. అందుకని వాళ్ళ మాటలను వాళ్ళ మాటలతోనే ఒరిపిడి పెట్టి చూసింది: నిందితులను ఉంచిన వసతి దగ్గర నుంచి చటాన్‌పల్లి పొలం దాకా ఎవరు ఏం చెప్పారు, ఎవరి వాంగ్మూలం ఎక్కడ మారింది, పిస్టల్ ఎలా చేజారుతుంది, చేతికి వచ్చినా వాడడం వాళ్ళకు తెలుసా. చివరికి పోలీసుల కథనం మొత్తం కల్పితమని, నమ్మదగింది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు నేరం నాటికి మైనర్లేనని కూడా చెప్పింది.

ఆ చివరి మాట దగ్గర నేను చదవడం ఆపేశాను. మైనర్లు. అంటే ఆ శుక్రవారం మా బల్లమీద పంచుకున్నది బడికి పోయే వయసు కుర్రాళ్ళ చావు. వాళ్ళు చేశారంటున్న నేరం దీనివల్ల చిన్నదైపోదు. చేశారో లేదో తేల్చే అవకాశమే ఇంక లేదన్నదీ అంతే నిజం. ఒక ఆడపిల్లను ఎవరు ఏం చేశారన్న నిజం కూడా ఆ పొలంలోనే పోయింది. ఆ అమ్మాయి కేసు కోర్టులో నడవాల్సింది, తీర్పు రావాల్సింది. దానికి బదులు ఆమె పేరుతో రెండు ఫైళ్ళు మిగిలాయి, ఒక ఫైలులో నిందితులు లేరు, రెండో ఫైలులో ఆరోపణ పోలీసుల మీద.

రచనగా చూస్తే నాకు హిజ్లీ నివేదిక మీదే మోజు. తర్కంగా చూస్తే సిర్పూర్కర్ నివేదిక ముందు అది నిలవదు. కష్టమైన పని రెండోదే చేసింది. అయినా లోకం మీద వాటి పని వేరు. హిజ్లీలో జనం ముందు తేల్చేశారు, కమిటీ తర్వాత వచ్చి ఔనంది. సుభాష్ చంద్రబోస్ వచ్చి మృతదేహాలను కలకత్తా తీసుకెళ్ళాడు. సెప్టెంబరు 26న టౌన్ హాలులో అనుకున్న సభ జనం పట్టక ఆక్టర్లోనీ స్తూపం కిందికి మారింది. డెబ్భైయేళ్ళ రవీంద్రనాథ్ టాగూర్, ఒంట్లో బాగాలేకపోయినా, వచ్చి మాట్లాడాడు. అంతకు రెండు నెలల ముందే, విప్లవకారుడు దినేశ్ గుప్తాకు ఉరిశిక్ష వేసిన జడ్జి గార్లిక్‌ను కలకత్తాలో ఒక కుర్రాడు కాల్చి చంపాడన్నది అందరికీ తెలుసు. దేశమంతా రెండువైపులా తుపాకులు పేలుతున్న కాలం. అయినా చేతులు ఖాళీగా ఉన్న ఖైదీని కాల్చడం వేరే సంగతి అని ఆ కవికీ తెలుసు, స్తూపం కింద నిలబడ్డ జనానికీ తెలుసు.

చటాన్‌పల్లిలో జనం వంతెన మీదినుంచి పోలీసుల మీద పూలు చల్లారు. ఆడవాళ్ళు రాఖీలు కట్టారు. బాణసంచా కాల్చారు. మర్నాడు జోధ్‌పూర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డే, న్యాయం పగగా మారితే న్యాయం అనిపించుకోదన్న అర్థంలో మాట్లాడితే, ఆయనకేం తెలుసు, ఏసీ గదిలో కూర్చున్నాడు అని మా టీకొట్టు దగ్గరే ఒకాయన కొట్టిపారేశాడు. వారం తిరిగేసరికి, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు ఇవ్వాలంటూ దిశ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు.

ఇక్కడే నాకు చిక్కుముడి. పూలు చల్లడం పోలీసులమీద నమ్మకమా?

కాదనడానికి పెద్ద తర్కం అక్కర్లేదు, తొమ్మిది రోజులు వెనక్కి వెళ్తే చాలు. నవంబరు 27 రాత్రి. తొండుపల్లి టోల్‌గేటు దగ్గర నుంచి ఫోన్ చేసిన కూతురు మళ్ళీ పలకడం లేదు. ఇంట్లోవాళ్ళు పోలీసు స్టేషనుకు పరిగెత్తారు. ఇది మా పరిధి కాదు, ఫలానా స్టేషనుకు వెళ్ళండి అన్న మాట ఆ రాత్రి వాళ్ళు విన్నారు. ఆలస్యం చేసినందుకు తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. నవంబరు 30న షాద్‌నగర్ స్టేషన్ చుట్టూ వేలమంది మూగి, నిందితులను మాకు అప్పగించండి అని అరిచారు, చెప్పులూ రాళ్ళూ విసిరారు, పోలీసులు లాఠీచార్జి చేశారు. చెప్పు విసిరిన చేతులే ఆరు రోజుల తర్వాత పూలు చల్లాయి. మధ్యలో పోలీసులు మారలేదు. పరిధి అడగడం మానలేదు. జనం మమ్మల్ని చంపనివ్వండి అన్నారు, పోలీసులు వాళ్ళ తరఫున ఆ పని చేసిపెట్టారు, అంతే. అది నమ్మకం ఎలా అవుతుంది, కూలి ముట్టజెప్పడం అవుతుంది. అప్పటికి ఢిల్లీ బస్సు అత్యాచారం కేసు జరిగి ఏడేళ్ళు, శిక్షపడ్డవాళ్ళు ఇంకా జైల్లోనే ఉన్నారు. 2008లో వరంగల్ యాసిడ్ దాడి నిందితులు ముగ్గురూ కొద్ది రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో పోతే అప్పుడూ ఇలాగే దండలు వేశారు. జనం లెక్క చాలా సులువైన లెక్క: అక్కడ ఏడేళ్ళు, ఇక్కడ వారం.

కాబట్టి కథకుడు జనాన్ని నమ్మించడానికి కష్టపడలేదు. పిస్టల్ లాక్కోవడం, కళ్ళల్లో మట్టి, ఇవన్నీ ఫైలుకోసం రాసినవి. పూలు చల్లినవాళ్ళలో ఆ మాటలు నమ్మినవాళ్ళు ఎంతమంది? మా పెద్దాయన కూడా "సేసి సూపించినారు" అన్నాడు గాని, ప్రాణం కాపాడుకున్నారు అనలేదు. ఆ ఒక్క క్రియాపదం చాలు. హిజ్లీ కథను జనం అబద్ధమని తిప్పికొట్టారు. చటాన్‌పల్లి కథను అబద్ధమని తెలిసే మెచ్చుకున్నారు. మొదటిదానికంటే రెండోది పోలీసు వ్యవస్థకు ఎక్కువ చేటు అని నా అభిప్రాయం. తిట్టే జనం ఇంకా పోలీసు నిజం చెప్పాలని ఆశిస్తున్నారు. మెచ్చుకునే జనం ఆ ఆశ వదులుకున్నారు.

తెలుగునేలమీద ఎప్పుడూ ఇలాగే లేదు. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషన్లో ఒక స్త్రీమీద అత్యాచారం జరిగి, ఆమె భర్త, రిక్షా కార్మికుడు, పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు, మళ్ళీ కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పంది. కేసు రాయచూరుకు మార్చారు, అక్కడ కొట్టేశారు. నివేదిక ఒక దారి, తీర్పు ఒక దారి. అయినా ఆ రోజు జనం రిక్షా కార్మికుడి వైపు నిలబడ్డారు, అతను ఎవరో తెలియకపోయినా. నలభై ఏళ్ళలో ఏం మారింది? నక్సలైట్ల కాలంలో ఎన్‌కౌంటర్ అన్న ఇంగ్లీషు మాట మన పల్లెటూరి ముసలమ్మ నోట కూడా తెలుగు క్రియాపదమైపోయింది, వాణ్ణి ఎన్‌కౌంటర్ చేసినారట అంటుంది. ఎదురుపడటం అనే అర్థమే అందులోంచి ఎగిరిపోయింది. సినిమాలో ఖాకీ చొక్కా హీరో కోర్టు మెట్లమీదే విలన్‌ను కాల్చి పడేస్తాడు, హాల్లో ఈలలు. ఈల వేయడం ఒకసారి అలవాటైతే పొలానికీ తెరకూ తేడా తెలియదు.

పైగా ఎవరు చనిపోయారన్నదీ ఉంది. హిజ్లీ హతులు భద్రలోకం పిల్లలు. వాళ్ళు చనిపోయిన భవనానికి ఇవాళ షహీద్ భవన్ అని పేరు. చటాన్‌పల్లి నలుగురూ మక్తల్ దగ్గరి పల్లెల లారీ కుర్రాళ్ళు. వాళ్ళ పేర్లు నేనూ ఇక్కడ రాయడం లేదు, తీర్పు లేని పేర్లు గనుక. అయినా ఒకటి అడగాలి: అదే రాత్రి ఆ నలుగురిలో ఒక్కడైనా మంత్రిగారి కొడుకైతే వేకువనే పొలానికి తీసుకెళ్ళేవారా?

అప్పటి మా జిల్లాలోనే ఇంకో పాఠం ఉంది, ఇక్కడివాళ్ళకు గుర్తే. 2008 నవంబరులో శాలబనీలో మందుపాతర పేలిన తర్వాత పోలీసులు లాల్‌గఢ్ పల్లెలమీద పడ్డారు. ఛోటోపేలియా అనే ఊళ్ళో ఒక సంథాలీ ఆడమనిషి కన్ను పోయింది. ఊళ్ళవాళ్ళు రోడ్లు తవ్వి పోలీసులను రానివ్వలేదు, కమిటీ కట్టారు. వాళ్ళ మొదటి డిమాండు ఏమిటో తెలుసా: జిల్లా ఎస్పీ చెవులు పట్టుకుని క్షమాపణ చెప్పాలి. నష్టపరిహారం కాదు, సస్పెన్షన్ కాదు, బళ్ళో మేష్టారు పిల్లాడి చేత చేయించే పని. నాకు అది ఆ రోజుల్లో నవ్వు తెప్పించింది. ఇప్పుడు తలుచుకుంటే, పోలీసులను ఇంకా మనుషులుగా లెక్కవేసిన చివరి కోరిక అదేననిపిస్తుంది. ఎవరూ చెవులు పట్టుకోలేదు. తర్వాత ఆ ఉద్యమం తుపాకుల చేతికి వెళ్ళింది. 2010 మే 28 అర్ధరాత్రి దాటాక ఖరగ్‌పూర్, ఝాడ్‌గ్రామ్ మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి నూట నలభైమందికి పైగా పోయారు. ఆ కమిటీ వారి పేర్లే సీబీఐ చార్జిషీటులోకి ఎక్కాయి. ఆ రాత్రి మా కాలనీల్లో ఎవరూ పడుకోలేదు.

మేం, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళం, పోలీసు దెబ్బ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళమేం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరు దాకా లైను చేతికి తీసుకున్నాక ఉత్తరాంధ్ర నుంచి కూలికి, కొలిమికి, బాయిలరుకు వచ్చినవాళ్ళ మనవలం. హిజ్లీకి నాలుగేళ్ళ ముందు, 1927 ఫిబ్రవరిలో, ఇదే ఊళ్ళో రైల్వే సమ్మెకారులమీద బాయినెట్లూ తూటాలూ దిగాయి. అప్పటి రైల్వే యూనియన్ నాయకుల్లో వి.వి. గిరి ఒకరు, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఆ సమ్మెలో దెబ్బలు తిన్నవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మనవలు 2019లో సందేశ్ పంచారు. హిజ్లీకి ఏడాదికోసారి దండలు పడతాయి. 1927కి ఏ దండా లేదు.

పరాయి ఊళ్ళో పోలీసు చేతికి చిక్కినవాడి సంగతి చెప్పిన పుస్తకం ఒకటుంది, తమిళంలో ఎం. చంద్రకుమార్ రాసిన లాకప్. కోయంబత్తూరు ఆటోడ్రైవరు. 1983లో గుంటూరులో, చేయని దొంగతనం ఒప్పుకోమని, లాకప్‌లో తెలుగు పోలీసుల చేత తిన్న దెబ్బల కథ. వెట్రిమారన్ దాన్ని 2015లో విసారణై సినిమాగా తీశాడు. గుంటూరులో తమిళుడు ఎంతో, ఖరగ్‌పూర్‌లో తెలుగువాడు అంత. మన పోలీసులు గట్టివాళ్ళు అని మురిసేటప్పుడు, మనం ఇక్కడ ఎవరి లాఠీ కింద ఉన్నామో కాస్త గుర్తుంచుకోవాలి. అరెస్టు చేసే పోలీసు ఛాతీమీద పేరు పలక ఉండాలని, అరెస్టు కాగితంమీద సాక్షి సంతకం ఉండాలని, బంధువుకు కబురు పెట్టాలని ఇవాళ దేశమంతా ఉన్న పదకొండు నియమాలు డి.కె. బసు అనే బెంగాలీ 1986లో సుప్రీంకోర్టుకు రాసిన ఉత్తరం ఫలం. తీర్పు వచ్చేసరికి పదేళ్ళు పట్టింది, 1996 డిసెంబరు 18.

సిర్పూర్కర్ నివేదిక తెలంగాణ హైకోర్టుకు వెళ్ళింది. పేర్లున్న అధికారులు దానిమీద పిటిషన్లు వేశారు, 2024లో హైకోర్టు చర్యలను ఆపుతూ మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. వాళ్ళను కోర్టు దోషులని చెప్పలేదు, కమిషన్ అభిప్రాయం తీర్పు కాదు, ఆ మాట రాసి తీరాలి. విచారణ లేకుండా తేల్చకూడదన్నది వాళ్ళకూ వర్తిస్తుంది, ఆ నలుగురికి వర్తించకపోయినా.

చివరిగా నా సొంత గొడవ. రెండేళ్ళ కిందట నా సైకిలు పోయింది. మా ఊళ్ళో పట్టాలకు ఇటు ఒక పోలీసు, అటు ఒక పోలీసు, రైల్వే నేలమీద వేరే పోలీసు. సైకిలు పోయింది సరిగ్గా రైల్వే గోడకూ మున్సిపల్ రోడ్డుకూ మధ్య గడ్డిలో. మొదటి చోట గోడ అవతల అన్నారు, రెండో చోట గోడ ఇవతల అన్నారు. మా పరిధి కాదు. పాత హెర్క్యులస్ సైకిలు కోసం ఎవరూ చావలేదు గనుక నేను నవ్వుకుంటూ తిరిగాను. మూడోసారి వెళ్ళినప్పుడు ఒక కానిస్టేబుల్ కుర్రాడు, పేరు పలక ఉంది, చదివాను, రాయను, కూర్చోండి కాకూ అని కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, నేను బెంగాలీలో చెప్పిందంతా వింటూ కాగితంమీద గబగబా రాశాడు. బెంగాలీ గడగడా మాట్లాడతాను, అచ్చు అయితే కూడబలుక్కుని చదువుతాను, చేతిరాత నాకు అందదు. ఖరగ్‌పూర్‌లో తెలుగుకు అధికారభాష హోదా ఇస్తున్నట్టు 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది, ఆ సంగతి ఆ బల్ల దాకా వచ్చినట్టు లేదు. ఒకటిన్నర పేజీ అయింది. సైకిలు పోయిందని చెప్పడానికి ఒకటిన్నర పేజీ ఎందుకయిందో అడుగుదామనుకున్నాను. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆ కుర్రాడు పెన్ను నావైపు తిప్పి కింద వేలు పెట్టి చూపించాడు. సంతకం పెట్టాను, తెలుగులో.